ఛాసిస్ మార్చే ముందు నీళ్ల గొట్టం తెచ్చుకోండి

కైకలూరు, మండవల్లి, ఆకివీడు చుట్టుపక్కల చేపల చెరువు గట్ల మీద తిరిగే పాత జీపుల్లో ఒక వింత కనబడుతుంది. షెడ్డు ముందు నిలబెడితే బండి నిటారుగా, నీటుగా ఉంటుంది. మేత బస్తాలు వేసినా కుంగదు. అదే బండిని గట్టు ఎక్కించి, ముందు చక్రం ఒకటి గాడిలోనూ వెనక అదే వైపు చక్రం మిట్ట మీదా పడేలా నడిపితే మాత్రం అద్దం ఫ్రేము కిర్రుమంటుంది, బానెట్ క్లిప్పు దానంతటదే ఊడుతుంది, స్టీరింగు ఒక పక్కకి లాగుతుంది. కిందికి దూరిన మేస్త్రి సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి చూసి, "పైకి బానే ఉందండీ, లోపలంతా గుల్ల" అంటాడు.

నిలబడినప్పుడు దాక్కున్న జబ్బు మెలి పడినప్పుడే ఎందుకు బయటపడుతుంది? ఛాసిస్ మార్చాలా వద్దా, మారిస్తే పని ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి అనే ప్రశ్నలకు దారి ఇక్కడే దొరుకుతుంది.

జీపు ఛాసిస్ చూడటానికి నిచ్చెనలాగే ఉంటుంది కాబట్టి ఇంజనీర్లు దానికి ఆ పేరే పెట్టారు. ముందునుంచి వెనక్కి రెండు పొడుగు దూలాలు, వాటిని కలుపుతూ అడ్డంగా నాలుగైదు క్రాస్ మెంబర్లు. కమాన్ కట్టలు, ఇంజిన్, గేర్‌బాక్సు, స్టీరింగు పెట్టె, బాడీ అన్నీ ఈ నిచ్చెనకే వేలాడతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పుట్టిన విల్లీస్ జీపుకీ, 1940ల చివర్లో మహీంద్రా మన దేశంలో బిగించడం మొదలుపెట్టిన జీపులకీ, తర్వాత వచ్చిన ఎంఎం 540 లాంటి వాటికీ పద్ధతి ఇదే. 1985లో వచ్చిన మారుతీ జిప్సీదీ ఇదే నిచ్చెన. తేడా దూలం అడ్డుకోతలో ఉంది. విల్లీస్ వంశపు జీపుల్లో చాలామటుకు దూలాలు ఒక పక్క తెరిచి ఉండే సి ఆకారపు ఛానెళ్లు, బరువు పడే చోట్ల మాత్రం పలక వెల్డ్ చేసి పెట్టెగా మూసేస్తారు. జిప్సీ దూలం మూసిన పెట్టె. బ్రిటన్‌లో 1948లో మొదలైన ల్యాండ్ రోవర్‌దీ అంతే, నాలుగు ఉక్కు పట్టీలను అంచులు కలిపి వెల్డ్ చేసిన పెట్టె.

పెట్టెకీ తెరిచిన ఛానెల్‌కీ మధ్య తేడా ఎంతో ఎవరైనా చేత్తో తెలుసుకోవచ్చు. రెండడుగుల పీవీసీ పైపు ముక్క తీసుకుని రెండు చివర్లూ పట్టుకుని మెలిపెట్టండి, లొంగదు. దాన్నే రంపంతో నిలువునా ఒక్క గీత చీల్చి మళ్లీ మెలిపెట్టండి. పదార్థం దాదాపు అంతే ఉంది, బరువూ అంతే, కానీ చేతిలో తాడులా తిరుగుతుంది. లెక్క కూడా అదే చెబుతుంది. 100 మిల్లీమీటర్ల ఎత్తు, 50 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న పెట్టె దూలాన్ని తీసుకుందాం. మూసి ఉన్నప్పుడు మెలిని అడ్డుకునే గుణం దాని లోపలి వైశాల్యపు వర్గం మీద ఆధారపడుతుంది. పొడవునా ఒక చీలిక పడితే ఆ వైశాల్యానికి విలువ పోతుంది, మందం ఘనం ఒక్కటే మిగులుతుంది. ఈ దూలానికి ఆ రెండు సంఖ్యలూ వేసి చూస్తే తేడా 330 రెట్లు దాటుతుంది. ఇంకో మాట. పెట్టెగా ఉన్నంతకాలం రేకు మందం సగమైతే మెలి బలం కూడా సగమే అవుతుంది. తెరుచుకున్నాక మందం సగమైతే ఎనిమిదో వంతుకి పడిపోతుంది.

నిలువు బరువు సంగతి వేరు. కిందికి వంగకుండా ఆపేది దూలం ఎత్తు, పైన కింద ఉన్న పలకలు. చీలిక ఒకటి పడినంత మాత్రాన ఆ బలం పెద్దగా తగ్గదు. అందుకే కింది అంచు వెల్డు తుప్పు తిని విడిపోయిన బండి సమతలం మీద దర్జాగా నిలబడుతుంది. గట్టు మీద ఎదురుకోణాల చక్రాలు ఒక జత ఎత్తులో, ఇంకో జత పల్లంలో పడ్డ క్షణాన మాత్రం దాని అసలు సంగతి తెలుస్తుంది. తారు రోడ్డు మీద ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా పోయి వచ్చి "బండి బానే ఉంది" అనుకుంటే లాభం లేదు, ఆ రోడ్డు దాన్ని మెలిపెట్టనే లేదు.

ఇక తుప్పు. కొల్లేరు మంచినీటి సరస్సే. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లూ డ్రెయిన్లూ తెచ్చే నీటిని ఉప్పుటేరు బంగాళాఖాతంలోకి పంపుతుంది. వేసవిలో పైనుంచి నీళ్లు తగ్గితే అదే ఉప్పుటేరు సముద్రపు ఉప్పుని వెనక్కి మోసుకొస్తుంది. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సు చుట్టూ ఉన్న చెరువుల్లో ఉప్పు ఇంకో దారిన కూడా వస్తుంది. బొచ్చె, శీలావతి పెంచే చెరువులకు ఎరువులు పడతాయి. వనామి రొయ్యల చెరువుల్లోనైతే నీటి లవణాలు సరిచేయడానికి మెగ్నీషియం క్లోరైడు, పొటాష్ బస్తాలు కుమ్మరిస్తారు. ఆ బస్తాల్ని మోసేది మన జీపే, ఆ గట్టు బురదలో తిరిగేదీ అదే.

ఉప్పు ఇనుముని తినేస్తుందని అందరూ అంటారు గానీ ఉప్పు చేసే పని రెండు ముక్కల్లో ఉంది. నీటిలో విద్యుత్తు తేలిగ్గా నడిచేలా చేయడం ఒకటి. ఎండలో కూడా తడిని పట్టి ఉంచడం రెండోది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ తేమని పీల్చుకుని తానే నీరవుతుంది. మెగ్నీషియం క్లోరైడుకి 33 శాతం చాలు. డెల్టాలో తేమ 33 శాతం కంటే దిగువకు వచ్చే గంటలు ఏడాదిలో ఎన్నుంటాయి? వడగాడ్పుల రోజుల్లో మధ్యాహ్నం పూట కాస్త, అంతే. అంటే ఖనిజాల బస్తా చిట్లి ఛాసిస్ మీద రాలిన పొడి ఏడాదిలో దాదాపు అంతా తడిగానే ఉంటుంది. వాన పడక్కర్లేదు.

బురద కింద జరిగేది మరీ ఆసక్తికరం. 1920ల్లో కేంబ్రిడ్జిలో యు. ఆర్. ఇవాన్స్ అనే శాస్త్రవేత్త ఇనుప రేకు మీద ఒక ఉప్పునీటి చుక్క వేసి చూశాడు. గాలి బాగా తగిలే అంచు దగ్గర ఇనుము క్షేమంగా ఉంది, ఆక్సిజన్ చేరని మధ్యభాగంలో ఇనుము కరిగింది. గాలి ఎక్కువ తగిలిన చోటు తుప్పు పడుతుందని మనం అనుకుంటాం, ఒకే ఇనుము మీద తడి పరుచుకున్నప్పుడు మాత్రం గాలి తగ్గిన చోటే తింటుంది. ఛాసిస్ దూలం లోపల అడుగున మేట వేసిన నల్లరేగడి బురద సరిగ్గా ఆ చుక్క మధ్యభాగం. బయట పెయింటు మెరుస్తుంటే లోపల అడుగు పలక పల్చబడుతుంది. పుట్టిన తుప్పు కూడా ఊరుకోదు. అది కరిగిన ఇనుము కంటే రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు ఆక్రమిస్తుంది. రెండు పలకలు ఒకదానిమీద ఒకటి పడి వెల్డ్ అయిన చోట మధ్యలో తుప్పు పెరిగి పలకల్ని విడదీస్తుంది. పెట్టె చీలిక పడేది అలాగే.

2024 సెప్టెంబరు బుడమేరు వరదల్లో విజయవాడలో మునిగిన బండ్ల గురించి రాష్ట్రమంతా మాట్లాడుకుంది. ఆ నీళ్లన్నీ చివరికి చేరింది కొల్లేరుకే. మునిగిన బండికి ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ మార్పించినవాళ్లు చాలామంది. ఛాసిస్ దూలంలోకి గొట్టం పెట్టి ఒండ్రు కడిగించినవాళ్లు ఎందరో!

ఇవి మన ప్రాంతానికే వచ్చిన తిప్పలు కావు. చలిదేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అమెరికాలో టయోటా టకోమా పికప్పుల ఛాసిస్‌లు ఆ ఉప్పుకి ఎంతగా తుప్పుపట్టాయంటే, 2016లో కుదిరిన కోర్టు ఒప్పందం దాదాపు 15 లక్షల బండ్లకు వర్తించింది. దాని విలువ 340 కోట్ల డాలర్ల దాకా అని అంచనా వేశారు. తీవ్రంగా తిన్న బండ్లకు కంపెనీయే ఛాసిస్ మార్చి ఇచ్చింది. బ్రిటన్‌లో పాత ల్యాండ్ రోవర్లకు జింకు పూసిన కొత్త ఛాసిస్‌లు చేసి అమ్మడమే వృత్తిగా రిచర్డ్స్, మార్స్‌లాండ్ లాంటి సంస్థలు నిలబడ్డాయి. అక్కడ ఛాసిస్ మార్పిడి కేటలాగు చూసి ఆర్డరిచ్చే పని. ఇక్కడ మనం మేస్త్రితో కూర్చుని కనిపెట్టుకోవాల్సిన పని.

మార్చాలో వద్దో తేల్చుకోవడానికి సుత్తి మోత మంచి ఆరంభమే గానీ చాలదు. పలక మందం చెప్పే అల్ట్రాసౌండ్ మీటరు అరచేతిలో పట్టేంత ఉంటుంది. తాడేపల్లిగూడెం నిట్ లాంటి చోట లోహశాస్త్ర విభాగమే ఉంది, పాలిటెక్నిక్ వర్క్‌షాపుల్లోనూ తెలిసినవాళ్లు దొరుకుతారు. ఫోనుకి తగిలించే సన్నటి గొట్టం కెమెరా దూలం రంధ్రంలోంచి లోపలికి పోనిస్తే బురద మేట ఎక్కడుందో కనబడుతుంది. నేను ఎక్కువగా నమ్మేది ఇంకో పరీక్షని. సిమెంటు నేల మీద ముందు చక్రం ఒకదాన్ని జాకీతో ఆరంగుళాలు ఎత్తండి, నాలుగు మూలల్లో ఛాసిస్ ఎత్తు కొలవండి. దించి, రెండోవైపు చక్రాన్ని అంతే ఎత్తి మళ్లీ కొలవండి. కమాన్ కట్టలు రెండువైపులా సమానంగా ఉన్నప్పుడు, ఒకవైపు మెలికీ రెండోవైపు మెలికీ తేడా బాగా కనిపిస్తే ఒక దూలం చీలిందనో క్రాస్ మెంబర్ అతుకు వదిలిందనో అర్థం. జబ్బు ఒకచోటే ఉంటే ముక్క వేసి సరిపెట్టవచ్చు. కమాన్ కట్ట కొక్కేల దగ్గర, స్టీరింగు పెట్టె బిగించిన చోట, మధ్య క్రాస్ మెంబర్ చివర్ల దగ్గర మూడింటా తుప్పు, పగుళ్లు కనిపిస్తే ముక్కల మీద ముక్కలు వేయడం డబ్బు దండగ.

మార్చాలనుకున్నాక మొదట తీయాల్సింది స్పానరు కాదు, ఆర్‌సీ పుస్తకం.

బండికి చట్టం దృష్టిలో గుర్తింపు ఛాసిస్ మీద కొట్టిన నంబరు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 122వ నిబంధన ఆ నంబరు లోహం మీద చెక్కి ఉండాలంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే మోడల్ ఛాసిస్ వేసినా నంబరు మారుతుంది, కాబట్టి రవాణా శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. పాత నంబరు ముక్క కోసి కొత్త దూలానికి అతికించే "ఉపాయం" మన షెడ్లలో తరచూ వినబడుతుంది. దొంగ బండ్ల కేసుల్లో పోలీసులు మొదట వెతికేది సరిగ్గా ఆ అతుకునే. కొన్న ఛాసిస్‌కి బిల్లు, పాతదాని ఫొటోలు, పెన్సిలుతో తీసిన నంబరు ముద్ర దగ్గర ఉంచుకుని, అధికారి చూసేదాకా పాత ఛాసిస్‌ని తుక్కుకి వేయకుండా ఆగాలి. 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు ఒక జిల్లా, తాడేపల్లిగూడెం ఉన్న పశ్చిమ గోదావరి మరో జిల్లా అయ్యాయి. ఏపీ 37 నంబరున్న పాత బండి ఫైలు ఇప్పుడు ఏ కార్యాలయం కిందికి వస్తుందో ముందే కనుక్కుంటే ఒక తిరుగుడు తప్పుతుంది.

యాభై ఏళ్లు దాటిన జీపు ఉన్నవాళ్లు ఇంకా ఆలోచించాలి. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల కింద అలాంటి సొంత బండికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు పొందవచ్చు. అందుకు షరతు ఏమిటంటే ఛాసిస్‌లోనో బాడీలోనో ఇంజిన్‌లోనో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. యుద్ధకాలపు బండ్ల దగ్గర ఇది మరింత సున్నితం. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఇప్పటికీ ఉంది. ఆ కాలపు జీపుల్లో విల్లీస్ తయారీకీ ఫోర్డ్ తయారీకీ తేడా చెప్పే గుర్తుల్లో పేరున్నది ఛాసిస్ ముందు క్రాస్ మెంబరే. విల్లీస్‌కి అది గుండ్రటి గొట్టం, ఫోర్డ్‌కి తిరగేసిన యు ఆకారం. ఫోర్డ్ బండికి విల్లీస్ ఛాసిస్ వేస్తే అది ఇక ఏ బండి? అలాంటి వాటికి ఎంత ఖర్చయినా పాత దూలానికే వైద్యం చేయించడం నయమని నా అభిప్రాయం.

కాగితాల తర్వాత కొలతలు. ఛాసిస్ మార్పిడిలో మెదడు ఖర్చయ్యేది ఇక్కడే, మన షెడ్లలో అన్నిటికంటే తొందరగా దాటేసేదీ ఇదే. ఛాసిస్ అంటే లోహం కంటే ముందు కొన్ని బిందువుల సమూహం. ముందు కమాన్ కట్ట కన్ను ఎక్కడ, వెనకది ఎక్కడ, ఇంజిన్ ఏ కోణంలో కూర్చుంది, స్టీరింగు పెట్టె బోల్టులు ఎక్కడ అన్నవి. బండి విప్పేశాక ఆ బిందువులు ఇక ఎక్కడా ఉండవు.

వాటిని నిలుపుకోవడానికి ఇల్లు కట్టే మేస్త్రి సామాను చాలు: గుండు కట్టిన దారం, టేపు, నీళ్లు నింపిన పారదర్శక గొట్టం. బండిని గట్టి సిమెంటు నేల మీద స్టాండ్లపై నిలబెట్టి ఒక్కో బిందువు నుంచి గుండు వదిలి, కింద నేల మీద చెరగని సిరాతో చుక్క పెట్టాలి. పక్కన ఆ బిందువు ఎత్తు రాయాలి. ఎత్తుని నేల నుంచి కొలిస్తే నేల వంపులన్నీ లెక్కలోకి వచ్చేస్తాయి. నీళ్ల గొట్టంలో రెండు చివర్లా నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది కాబట్టి దానితో ఒక మట్టం గీత పెట్టుకుని అక్కణ్నుంచి కొలవాలి. గొట్టంలో గాలి బుడగ ఒక్కటి ఉన్నా కొలత తప్పుతుంది, నీళ్లలో కాస్త రంగు కలిపితే బుడగ దొరికిపోతుంది. రెండడుగుల రసమట్టం ఇంత దూరానికి నమ్మదగ్గది కాదు.

నేల మీద చుక్కలు పడ్డాక కర్ణాలు కొలవాలి. కుడి ముందు నుంచి ఎడమ వెనక్కి ఒకటి, ఎడమ ముందు నుంచి కుడి వెనక్కి ఒకటి. పొడవు 2000, వెడల్పు 700 మిల్లీమీటర్ల చట్రంలో ఒక దూలం రెండోదానికంటే 10 మిల్లీమీటర్లు ముందుకు జరిగితే కర్ణాల తేడా దాదాపు 19 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే కర్ణం తప్పుని రెండింతలు చేసి చూపిస్తుంది. ఇలా జరిగిన బండి రోడ్డు మీద పక్కవాటుగా నడుస్తుంది, వెనక నుంచి చూసేవాళ్లకు తెలుస్తుంది గానీ నడిపేవాడికి టైర్లు అరిగేదాకా తెలియదు. అయితే కర్ణాలు సమానంగా ఉన్నాయని మురిసిపోకూడదు. చట్రం మెలి తిరిగినా రెండు కర్ణాలూ సమానంగానే రావచ్చు. మెలిని పట్టేది నీళ్ల గొట్టం ఒక్కటే. అందుకే ఈ వ్యాసానికి ఆ పేరు.

ఇందులో ఒక మడత ఉంది. మనం కొలిచేది ముప్ఫై ఏళ్లు గట్లెక్కి దిగిన, బహుశా ఒకసారి కాలువలో పడి లేచిన ఛాసిస్‌ని. దాన్ని అచ్చుగా తీసుకుంటే దాని దెబ్బలన్నీ కొత్తదానికి వారసత్వంగా వస్తాయి. కుడి ఎడమలు ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండాల్సిన చోట తేడా వస్తే కంపెనీ మాన్యువల్ కొలత వెతకాలి, లేదా అదే మోడల్ ఇంకో బండిని కొలిచి చూడాలి. చెరువుల ప్రాంతంలో అదే మోడల్ బండి ఇంకోటి దొరకడం కష్టమేం కాదు, అవతలివాడు టేపు చూసి భయపడకుండా ఉంటే చాలు.

ఇంజిన్ వాలు విషయంలో మేస్త్రులు "కంటికి సరిగ్గా ఉంటే చాలండీ" అంటారు. కన్ను చాలదు. గేర్‌బాక్సు నుంచి వెనక హౌసింగుకి శక్తి మోసే షాఫ్టుకి రెండు చివర్లా క్రాసు జాయింట్లుంటాయి. వంపులో తిరిగే క్రాసు జాయింటుకి ఒక దుర్గుణం ఉంది. ఇచ్చిన వేగాన్ని ఉన్నదున్నట్టు అందించదు, ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. 10 డిగ్రీల వంపులో ఆ హెచ్చుతగ్గు ఒక్కోవైపు ఒకటిన్నర శాతం. రెండో చివర జాయింటు కూడా సరిగ్గా అంతే వంపులో ఉంటే మొదటిదాని తప్పుని అది సరిచేస్తుంది, హౌసింగుకి నిలకడైన వేగం అందుతుంది. కొత్త ఛాసిస్ మీద ఇంజిన్ బ్రాకెట్టు కాస్త కిందికో గేర్‌బాక్సు క్రాస్ మెంబర్ కాస్త పైకో వెల్డ్ చేస్తే రెండు వంపులూ సమానం కావు. అప్పుడు మొదలయ్యే వణుకుకి చక్రాల బ్యాలెన్సింగ్ చేయించి చేయించి యజమాని అలిసిపోతాడు.

కొత్త ఛాసిస్ ఎక్కణ్నుంచి అన్నదానికి మూడు దారులు. అదే మోడల్‌ది కొత్తదో, ఎక్కడో షోరూం గోడౌనులో మిగిలిపోయినదో దొరికితే అదృష్టం. తుక్కు బండి నుంచి తీసిన సెకండ్‌హ్యాండ్‌ది దొరికితే దాని పుట్టుపూర్వోత్తరాలు, కాగితాలు, తుప్పు మూడూ చూసుకోవాలి. మూడోది చేయించుకోవడం. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే చేతులకు ఇది రాని పని కాదు. అక్కడ మంచి పనివాళ్లు ఛాసిస్ పై అంచుకీ కింది అంచుకీ రంధ్రం వేయరు, బాడీని యు బోల్టులతో పట్టిస్తారు. వంగినప్పుడు ఎక్కువ లాగుడు, ఎక్కువ నొక్కుడు పడేది ఆ అంచుల మీదే. తప్పక రంధ్రం వేయాల్సి వస్తే దూలం ఎత్తు మధ్యలో వేయాలి, అక్కడ ఒత్తిడి దాదాపు సున్నా.

చేయించేటప్పుడు "గట్టి ఉక్కు వేద్దాం సార్, వంగదు" అనే మాట వినబడుతుంది. సగమే నిజం. మామూలు ఉక్కుకీ లారీ ఛాసిస్‌లకు వాడే అధిక బలం ఉక్కుకీ సాగే గుణం దాదాపు ఒకటే. ఒకే మందం, ఒకే ఆకారం ఉంటే రెండూ ఒకే బరువుకి ఒకేలా వంగుతాయి, ఒకేలా మెలి తిరుగుతాయి. ఖరీదైనది శాశ్వతంగా వంకర పోకుండా ఎక్కువ దూరం తట్టుకుంటుంది, అంతే తేడా. కాబట్టి బిగువు కావాలంటే ఉక్కు గ్రేడు కాక ఆకారం మార్చాలి. అలాగని మొత్తం పెట్టెగా మూసి బిగించేయడమూ మంచిది కాదు. విల్లీస్ జీపు ఛాసిస్ కొంచెం మెలి తిరగడానికే రూపుదిద్దుకుంది, గట్టు మీద నాలుగు చక్రాలూ నేలకు ఆనడంలో దానికీ వంతు ఉంది. ఉన్న అడ్డుకోతనే ఉంచడం క్షేమం, కాగితాల దగ్గరా జవాబు తేలిక.

వెల్డింగు కుదించుకుపోతుంది కాబట్టి ఒకచోట మొదలెట్టి చివరిదాకా లాగకుండా కుడి, ఎడమ, ముందు, వెనక మార్చి మార్చి చిన్న చిన్న ముక్కలుగా వేయించాలి. ఆ తర్వాత కొత్త ఛాసిస్‌ని తెచ్చి అదే నేల మీద, అవే చుక్కల మీద నిలబెట్టి గుండు వదలాలి. మూడు మిల్లీమీటర్ల లోపు కుదిరితే సంతోషించవచ్చు. అది కుదిరేదాకా పాత జీపు ఒక్క బోల్టు కూడా విప్పకూడదు. విప్పిన జీపు షెడ్డులో మూల పడటానికి కారణం ఎప్పుడూ డబ్బే కాదు, ఒకదానికొకటి కుదరని రెండు ఇనుప చట్రాలు.

పూత గురించి. అన్నిటికంటే మేలైనది వేడి జింకు స్నానం. 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో ఛాసిస్‌ని మొత్తంగా ముంచితే లోపలా బయటా పొర పడుతుంది, గీత పడినా జింకు తాను కరిగి ఇనుముని కాపాడుతుంది. దీనికి మూడు మీటర్లకు పైగా పొడవున్న తొట్టి కావాలి. మూసిన పెట్టె దూలాలకు చివర్లా మూలల్లో గాలి రంధ్రాలు తప్పనిసరి. లేకపోతే లోపల చిక్కుకున్న తడి ఆవిరై పేలుతుంది, తొట్టి దగ్గర మనుషులకే ప్రమాదం. ఆ వేడికి చట్రం కొద్దిగా వంకర పోవచ్చు కాబట్టి తిరిగొచ్చాక మళ్లీ చుక్కల మీద నిలబెట్టాలి. నంబరు చెక్కడం ముందే లోతుగా అయిపోవాలి. బ్రాకెట్లన్నీ ముంచక ముందే వెల్డ్ కావాలి, జింకు మీద వెల్డ్ చేస్తే వచ్చే పొగకి జ్వరం పట్టుకుంటుంది.

జింకు కుదరనివాళ్లకు జింకు ప్రైమరు, ఎపాక్సీ పూత, దూలాల లోపలికి మైనం స్ప్రే ఉన్నాయి. పూతకంటే ముందు కడుగుడు ముఖ్యం. ఉప్పు మిగిలిన ఇనుము మీద పెయింటు వేస్తే ఆ ఉప్పు పెయింటు లోంచే తేమని లాక్కుంటుంది, ఏడాదిలో పొక్కులు లేస్తాయి. కొల్లేరు చుట్టూ బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే కడగనట్టే. కాలువ నీళ్లు తెచ్చుకోవాలి. రొయ్యల రైతు దగ్గర లవణం కొలిచే మీటరు ఎలాగూ ఉంటుంది, కడిగే నీటిలో ఒకసారి ముంచి చూస్తే సరి. పెయింటు వేసే వేళకు ఇనుము ఉష్ణోగ్రత మంచు కురిసే బిందువు కంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువుండాలన్నది పూతల పరిశ్రమలో అందరూ పాటించే సూత్రం. మన దగ్గర తెల్లవారి ఎనిమిదింటికి నీడలో ఉన్న ఇనుము చాలా రోజులు ఈ పరీక్ష తప్పుతుంది. ఎండ ఎక్కాక వేయండి, వానాకాలంలో అసలు పెట్టుకోకండి. పాత ఇంజిన్ ఆయిల్ పూయడం ఊళ్లలో మామూలే. అది తుప్పుని కొంత ఆపుతుంది గానీ రబ్బరు బుష్షుల్ని ఉబ్బిస్తుంది, గట్టు మీద తిరిగే బండి నుంచి చుక్క చుక్కగా చెరువులోకి దిగుతుంది. చేప అమ్ముకునేవాడికి అది పనికొచ్చే వైద్యం కాదు.

విప్పడం, బిగించడం చాలావరకు ఓపిక పని, మేస్త్రులకు నేను చెప్పేదేముంది. రెండు సంగతులు మాత్రం. బాడీ కింద ఒక్కో బోల్టు దగ్గర రబ్బరు ముక్కలతో పాటు పలుచటి రేకులు పెట్టి ఉంటారు, ఏ బోల్టుకి ఎన్నో రాసి పెట్టుకోకపోతే చివర్లో బానెట్ మూతపడదు. విల్లీస్ వంశపు జీపుల్లో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. ఖాళీ చేసినా లోపల ఆవిరి మిగులుతుంది, వెల్డింగు మిషను షెడ్డులోకి రాకముందే ట్యాంకు బయటికి పోవాలి.

బండి లేచాక యు బోల్టులు, కమాన్ కట్ట పిన్నులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సర్దుకుని వదులవుతాయి, టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి. దూలం అడుగున అతి పల్లపు చోట వేలు పట్టేంత రంధ్రం వదిలారో లేదో చూసుకోవాలి. గట్టు పని ముగిసిన ప్రతివారం ముందు రంధ్రంలో గొట్టం పెట్టి కాలువ నీళ్లు వదిలితే, వెనక రంధ్రంలోంచి మొదట నల్లగా, తర్వాత తేటగా వస్తాయి. తేట పడ్డాక గొట్టం తీసేయవచ్చు.